యాభై కుర్చీలు, పన్నెండు ఆటలు: లండన్ తెలుగు సంఘాలకు ఒక బహిరంగ లేఖ

లండన్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ పనిచేస్తున్న తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారాలు.

మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఒక పబ్ ఉంది. దాని మేడ మీద యాభై మందికి మించి పట్టని నాటకశాల ఉంది. సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా అక్కడ ఆడబోయే నాటకాల పట్టిక పోయిన వారం వచ్చింది. బార్ బల్ల మీద బీరు గ్లాసుల కింద తడిసి, అంచులు ముడుచుకుపోయిన ఆ మడత కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని రెండుసార్లు చదివాను. మొత్తం ఆరు నాటకాలు: కొత్త రచయితలవి మూడు, వందేళ్ళనాటి మరుగునపడ్డ నాటకం ఒకటి, అనువాదం ఒకటి, ఒకే మనిషి గంటసేపు ఆడేది ఒకటి. కాగితం అడుగున చిన్న అక్షరాలతో, వచ్చే వసంతకాలపు సీజనులో ఆడదలచుకున్న బృందాలు తమ ప్రతిపాదనలు అక్టోబరు నెలాఖరులోగా పంపవచ్చునని ఉంది. ఈ లేఖ రాయడానికి కారణం ఆ చివరి వాక్యమే. ఆ సీజనులో రెండు వారాలు తెలుగు నాటకానికి తీసుకోవలసిందని, ఒక సంఘానికి భారమైతే మూడు నాలుగు సంఘాలు కలిసైనా తీసుకోవలసిందని మిమ్మల్ని కోరుతున్నాను.

పబ్ థియేటర్ అనగానే, తాగుతూ చూసే వినోదమేదో అయి ఉంటుందని మనలో చాలామంది అనుకుంటారు. ఈ ఊరికి వచ్చిన మొదటి మూడేళ్ళు నేనూ అలాగే అనుకుని ఆ గుమ్మం తొక్కలేదు. అసలు సంగతి వేరు. 1968 సెప్టెంబరు దాకా ఈ దేశంలో బహిరంగంగా ఆడే ప్రతి కొత్త నాటకమూ రాజప్రాసాద వ్యవహారాలు చూసే లార్డ్ చాంబర్లేన్ అనే అధికారి కార్యాలయం అనుమతి పొందవలసి ఉండేది. ఆ ఏడాది వచ్చిన థియేటర్ల చట్టం ఆ సెన్సారును ఎత్తివేసింది. (ఈ దేశపు పాలకులే 1876లో మన నెత్తిన పెట్టిన నాటక ప్రదర్శనల చట్టం మాత్రం వాళ్ళు పోయిన ఏడు దశాబ్దాలకు, 2018లో గాని మన పుస్తకాల్లోంచి పోలేదు.) రాతప్రతి పంపి ముద్ర వేయించుకునే బాధ తప్పాక, కొత్తగా రాసేవాళ్ళకూ ఆడేవాళ్ళకూ కావలసింది అద్దె తక్కువ గది ఒక్కటే అయింది. లండన్‌లో అలాంటి గదులు పబ్బుల్లో ఉన్నాయి. పాతకాలపు పెద్ద పబ్బుల్లో చాలావాటికి మేడ మీదో, వెనకవైపో విందులకూ సమావేశాలకూ ఇచ్చే హాలు ఉండేది. వారంలో చాలా రాత్రులు అది ఖాళీగానే పడి ఉండేది.

1970లో డాన్ క్రాఫర్డ్ అనే అమెరికన్ ఇజ్లింగ్టన్‌లోని కింగ్స్ హెడ్ పబ్ వెనక గదిలో నాటకాలు మొదలుపెట్టాడు. షేక్‌స్పియర్ కాలం తర్వాత లండన్‌లో వచ్చిన మొదటి పబ్ థియేటర్ అని దానికి పేరు. 1971 ఫిబ్రవరిలో ఈ దేశం దశాంశ నాణేలకు మారిన తర్వాత కూడా ఆ పబ్‌లో చాలాకాలం పాత షిల్లింగులూ పెన్నీల లెక్కలోనే ధర చెప్పేవారట. నయాపైసలు వచ్చాక కూడా మన తాతలు అణాల్లో బేరమాడినట్టే అన్నమాట. ఆ వెనకే 1971లో రిచ్‌మండ్‌లో ఆరెంజ్ ట్రీ, 1972లో షెపర్డ్స్ బుష్‌లో బుష్, 1979లో నాటింగ్ హిల్‌లో గేట్, ఏంజెల్ దగ్గర ఓల్డ్ రెడ్ లయన్, 1980లో ఎర్ల్స్ కోర్ట్ వైపు ఫిన్‌బరో వచ్చాయి. వీటిలో కొన్ని పెరిగి పెద్దవై పబ్బుల్ని విడిచిపెట్టాయి. ఆరెంజ్ ట్రీ 1991లో ఎదురుగా ఉన్న పాత బడి భవనంలోకి, బుష్ 2011లో పాత గ్రంథాలయంలోకి మారిపోయాయి. కింగ్స్ హెడ్ సైతం 2024లో పబ్ వెనక కట్టిన కొత్త శాలలోకి దిగింది. ఫిన్‌బరో మాత్రం ఇప్పటికీ ఆ యాభై కుర్చీలతోనే ఉంది.

చిన్న గది అంటే చిన్న నాటకం కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. బాటర్సీలో లాచ్‌మియర్ పబ్ మేడ మీద థియేటర్ 503 అని ఒకటుంది. అరవై చిల్లర కుర్చీలు. కటోరి హాల్ రాసిన ‘ది మౌంటెన్‌టాప్’ 2009లో అక్కడే మొదటిసారి ఆడింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు ముందు రాత్రి, మెంఫిస్‌లో ఒక మోటెల్ గది, ఇద్దరే పాత్రధారులు. ఆ గదిలోంచి అది లండన్ పెద్ద నాటకశాలలుండే వెస్ట్ ఎండ్‌కు వెళ్ళి, 2010లో ఉత్తమ నూతన నాటకంగా ఇక్కడి నాటకరంగపు ఆలివియర్ పురస్కారం అందుకుంది, మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే చేరింది. ఆరువందల మంది హాల్లో మొదలుపెట్టి ఉంటే ఆ నాటకం మొదటి వారం దాటేదో లేదో నాకు అనుమానమే.

ఇక మా నాన్నగారి సంగతి చెప్పాలి. గుంటూరు జిల్లాలో పరిషత్తు నాటక పోటీల్లో ఆడే ఒక సమాజానికి ఆయన ఇరవై ఏళ్ళకు పైగా ప్రాంప్టరుగా, అంటే తెర చాటునుంచి నటులకు మాట అందించే మనిషిగా ఉన్నారు. నిరుడు ఆర్నెల్ల వీసా మీద మా దగ్గరికి వచ్చినప్పుడు, పండగ కార్యక్రమాలన్నీ చూపించాక, చివరికి ఈ పబ్ మేడ మీదికి కూడా తీసుకెళ్ళాను. కింద బార్‌లో నారింజరసం తాగుతూ కూర్చున్నాం. ఏడుంపావుకి చేత్తో ఊపే గంట మోగించి, పైన తలుపులు తెరిచామని బార్ మనిషి కేక వేశాడు. నాన్నగారు ఒక్కొక్క మెట్టూ లెక్కపెడుతూ ఎక్కారు, ఇరవైమూడు. లోపల మూడు వైపులా రెండేసి వరుసల బెంచీలు, మధ్యలో ఒక బల్ల, రెండు కుర్చీలు. తెర లేదు. ఫుట్‌లైట్లు లేవు. మేము కూర్చున్న బెంచీకీ నటి కూర్చున్న కుర్చీకీ మధ్య రెండు బారల దూరం ఉంటుంది.

భర్త పోయిన ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేసే కథ అది. మధ్యలో ఆవిడ ఒక నారింజపండు ఒలుస్తుంది, అంతే. మాటల్లేవు. తొక్కలోంచి చిమ్మిన తుంపర లైటు వెలుగులో కనబడింది, వాసన మా దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కింద బార్‌లో ఫుట్‌బాల్ ఆటలో ఎవరో గోల్ కొట్టినట్టున్నారు, నేల అదిరేలా అరుపులు లేచాయి. నటి చెయ్యి ఆగింది. సగం ఊడిన తొక్క వేలాడుతూ ఉండగా, కింద సంతోషించే లోకమొకటి ఉందని ఆ పాత్రకు కూడా తెలిసినట్టు, ఆవిడ నేల వైపు ఒకసారి చూసింది. అరుపులు సద్దుమణిగాక మిగతా తొక్క ఒలిచింది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ తలెత్తి మా వైపు చూసేసరికి నాన్నగారు తనకు తెలియకుండానే కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

తిరిగి నడిచి వచ్చేటప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మైకు లేదు, గమనించావా అమ్మా?” అన్నారు. “మా సమాజంలో హీరో ఏడవాలన్నా వేలాడే మైకు కిందికి వచ్చి ఏడ్చేవాడు. తల్లి శవం ఒక మూల, మైకు ఒక మూల. ఏం చేస్తాడు పాపం, మైకు దగ్గరికే పోయేవాడు.” కాసేపాగి, “అయితే ఇక్కడ నాకు ఉద్యోగం లేదు. నేను మాట అందిస్తే కింద బార్‌లో వాళ్ళకి కూడా వినబడుతుంది” అన్నారు.

పరిషత్తు వేదికలను ఎరిగిన మీలో కొందరికైనా ఆ మైకుల సంగతి తెలిసే ఉంటుంది. పెద్ద మైదానంలో, వేల మంది ముందు ఆడవలసి రావడం వల్ల మన నటనకు ఒక పద్ధతి ఏర్పడింది. అందులో తప్పు లేదు. ఆ పద్ధతిలోనే మహానటులు వచ్చారు. అయితే మన రాతలో గదిలో ఆడదగ్గ నాటకాలు మొదటి నుంచీ ఉన్నాయి. గదులే లేవు.

ఇప్పుడు ఒక ఫిర్యాదు కూడా రాయక తప్పదు. ఏ సంఘమో చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు; ఎందుకంటే మీలో ఎవరి వేదిక మీదనైనా ఇదే జరిగేది. రెండేళ్ళ కిందట ఒక ఉగాది కార్యక్రమంలో మా బృందం ఒక నాటిక వేసింది. యాభై నిమిషాల నాటిక. తొమ్మిది ఆదివారాలు ఒక కమ్యూనిటీ హాలులో గంటల చొప్పున అద్దె కట్టి సాధన చేశాం. తల్లి వేషం వేసిన ఆవిడ ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా రిహార్సల్‌కి వచ్చి, టీ తాగేలోపు గోడకానుకుని నిద్రపోయేది. కార్యక్రమం రోజున పిల్లల నృత్యాలు ఆలస్యమయ్యాయని మాకు ముందు నలభై, తర్వాత ముప్ఫై, చివరికి ఇరవై అయిదు నిమిషాలే మిగిలాయి. వేదిక పక్కన నిలబడి పెన్సిలుతో డైలాగులు కొట్టేసుకున్నాం. కొడుకు తల్లితో అసలు నిజం చెప్పే ఘట్టంలో, హాలు స్పీకర్లలోంచి, “భోజనాలు మొదలయ్యాయి, దయచేసి టోకెన్లు చేతిలో ఉంచుకోండి” అని వినిపించింది. మూడు వందల కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగిన చప్పుడు నేను ఈ జన్మలో మరిచిపోను.

ఆ రోజు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ప్రకటన చేసిన పిల్లవాడి తప్పు అందులో ఏమీ లేదనిపిస్తుంది. హాలు తొమ్మిదింటికి ఖాళీ చేయాలి, పులిహోర చల్లారిపోతుంది, చంటిపిల్లలు ఏడుస్తున్నారు. అది పండగ. పండగకి వచ్చినవాళ్ళు పలకరించుకోవడానికి వస్తారు, చీరలు చూసుకోవడానికి వస్తారు, పిల్లల నృత్యం ఫోనులో తీసుకోవడానికి వస్తారు. వాళ్ళను కదలకుండా కూర్చుని ఒక కొడుకు నోరు విప్పేదాకా ఎదురుచూడమనడం మన తప్పు. నాటకాన్ని పండగలో ఒక అంశంగా పెట్టడం మాని, దానికంటూ వేరే చోటు చూడాలన్నదే నా వాదన.

లెక్క చూడండి. మంగళవారం నుంచి శనివారం దాకా రోజుకొక రాత్రి ఆట, రెండు వారాలకు పది. రెండు శనివారాల మధ్యాహ్నం ఆటలు కలిపితే పన్నెండు. ఆటకు యాభై కుర్చీలంటే మొత్తం ఆరువందలు. మీ ఉగాదికి ఒక్క రాత్రిలో వచ్చే జనమే. పన్నెండు ముక్కలుగా వస్తారు, అంతే. టికెట్టు పదిహేను పౌండ్లనుకుంటే నిండుసభలకు తొమ్మిది వేలు. అన్నీ నిండవు గనక నూటికి అరవై కుర్చీలు నిండితే అయిదువేల నాలుగువందలు. ఇందులో ఎంత మనకు మిగులుతుందన్నది నాటకశాలతో చేసుకునే ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల వారానికింతని అద్దె తీసుకుని, వసూళ్ళన్నీ మనకు వదిలేస్తారు. కొన్నిచోట్ల అద్దె లేకుండా వసూళ్ళలో వాటా పంచుకుంటారు, అయితే వాళ్ళ వాటా ఇంతకు తగ్గకూడదని ఒక కనీస మొత్తం ముందే రాయించుకుంటారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు రెండోది మేలని నా అభిప్రాయం. కుర్చీలు నింపే బాధ్యత కొంత వాళ్ళ మీద కూడా పడుతుంది. దీనికి తోడు బీమా, లైట్లు నడిపే మనిషికి కూలీ, సినిమా పాట వాడుకుంటే దాని లైసెన్సు రుసుము ఉంటాయి. నటులు డబ్బు తీసుకోకపోయినా సాంకేతిక నిపుణులకు ఇచ్చి తీరాలి. ఈ ఊరి ఫ్రింజ్ నాటకాల్లో (పెద్ద శాలల బయట తక్కువ ఖర్చుతో ఆడేవి) ‘లాభంలో వాటా’ అని చెప్పి నటుల చేత ఊరికే ఆడించుకోవడం చాలాకాలంగా ఉంది. లాభమన్నది వస్తే గదా వాటా! మనం ఆ దారి పట్టవద్దు.

పోయిన ఉగాదికి తెలుగు రాష్ట్రాల నుంచి సినిమా గాయకులను రప్పించడానికి మీలో ఒక్కొక్కరు పెట్టిన ఖర్చు నాకంటే మీకే బాగా తెలుసు. దాని పక్కన ఈ లెక్క పెట్టి చూసుకోమని మాత్రం అంటాను.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు కొన్ని ఊహించగలను. పబ్‌లోకి కుటుంబాలు వస్తాయా అన్నది మొదటిది. పెద్దలతో కలిసి పిల్లలు పబ్‌లోకి రావడానికి ఇక్కడి చట్టం అడ్డు చెప్పదు, కాకపోతే పబ్బు పబ్బుకీ నియమాలు వేరు, ముందే కనుక్కోవాలి. తాగితీరాలని ఎవరూ అనరు. మా నాన్నగారు శనివారం ఒంటిపూట ఉండే మనిషి, ఆయనే నారింజరసంతో గంటసేపు కూర్చున్నారు. వేరే దారి నుంచి మెట్లెక్కగలిగే పబ్బులూ కొన్ని ఉన్నాయి, బార్ మొహం చూడనక్కరలేదు.

రెండో అభ్యంతరం నిజమైనది: మెట్లు. చాలా పబ్ మేడలకు లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులు మన ప్రేక్షకుల్లో ఎక్కువ. చక్రాల కుర్చీలో వచ్చేవారికి అసలు దారే ఉండదు. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో, పబ్ వెనక గదిలో నడిచే శాలలు కొన్ని ఉన్నాయి. వాటికి ముందుగా రాయాలి. అక్కడ దొరక్కపోతే కనీసం ఒక ఆటనైనా మెట్లు లేని ఇంకో చోట వేయాలి.

భాష సంగతి. యాభై మందిలో తెలుగు రానివారు పది మంది ఉన్నా, గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు వేస్తే సరిపోతుంది. పరభాషా నాటకం ఈ గదులకు కొత్త కాదు. గేట్ థియేటర్ చాలా కాలం పరదేశాల నాటకాల మీదే బతికింది. 1990ల మొదట్లో స్టీఫెన్ డాల్డ్రీ హయాంలో, మూడు వందల ఏళ్ళు దాటిన స్పానిష్ స్వర్ణయుగపు నాటకాలను ఒక సీజను పొడుగునా అనువాదంలో ఆడి పేరు తెచ్చుకుంది. ఆ శాల పబ్ పైన ఉండేది, కుర్చీలు డెబ్బై అయిదుకు మించవు. ఫిన్‌బరో వాళ్ళకైతే, పాత నాటకాలను తిరిగి ఎత్తుకునేటప్పుడు గత పాతికేళ్ళలో లండన్‌లో ఆడనివే ఎంచుకోవాలన్న నియమం ఉంది. ఆ లెక్కన మన నాటక సాహిత్యం దాదాపు మొత్తం అర్హత సంపాదిస్తుంది.

వాళ్ళు మనల్ని రానిస్తారా అని కూడా కొందరు అడిగారు. రానివ్వమని బెట్టు చేసేంతగా వాళ్ళకేమీ కలిసిరావడం లేదు. 2022 నవంబరులో ఇంగ్లండు ఆర్ట్స్ కౌన్సిల్ నిధులు తిరిగి పంచినప్పుడు గేట్ లాంటి పేరున్న శాలకే వార్షిక నిధి పూర్తిగా పోయింది. చిన్న పబ్ శాలల్లో చాలావాటికి అసలు అలాంటి నిధే లేదు. కొత్త ప్రేక్షకులను వెంటబెట్టుకుని వచ్చే బృందాన్ని వాళ్ళు గుమ్మం దగ్గరే ఆపరు. దక్షిణాసియా వాళ్ళు ఇక్కడ నాటకం ఆడడం కూడా కొత్త కాదు: 1976లో సౌతాల్‌లో గురుదీప్ సింగ్ చగ్గర్ అనే కుర్రవాణ్ణి జాతి విద్వేషంతో చంపిన తర్వాత, ఆ ఆవేదనలోంచి 1977లో జతిందర్ వర్మా తన మిత్రులతో తారా ఆర్ట్స్ అనే నాటక సంస్థ మొదలుపెట్టాడు. వాళ్ళ మొదటి నాటకం టాగూరుది. మన నటుడు బళ్ళారి రాఘవ 1920ల చివర్లో ఈ దేశం వచ్చి బెర్నార్డ్ షాను కలిసి మాట్లాడి వెళ్ళాడు. వందేళ్ళు కావస్తోంది. ఆయన తర్వాత మనం ఇక్కడికి వేలకు వేలుగా వచ్చి రైళ్ళు నడిపాం, ఆస్పత్రులు నడిపాం, బ్యాంకుల సాఫ్ట్‌వేరు నడిపాం.

ఇక ఏ నాటకం వేయాలన్నది. సురభి నాటక సమాజం వాళ్ళ మాయాజాలం అంటే నాకు ప్రాణం, కానీ ఆ గదిలో నారదుడు ఆకాశంలోంచి దిగితే మొదట ఆయన కిరీటం కప్పుకి తగులుతుంది. ‘కన్యాశుల్కం’ పూర్తిగా ఆడాలంటే చాలా గంటలు పడుతుంది. ముక్కలు చేసి గిరీశం నోట నాలుగు చమత్కారాలు పలికించి చప్పట్లు కొట్టించుకునే అలవాటు మనకు ఎలాగూ ఉంది, దానికి పబ్ దాకా రానక్కరలేదు. ఆ గదికి తగినది పి.వి. రాజమన్నారు ‘తప్పెవరిది’. న్యాయవాదిగా ఉంటూ రాశాడు, తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. పద్యాలు లేకుండా, మామూలు ఇంట్లో మామూలు మాటల్లో జరిగే ఆ నాటకాన్ని రాఘవ ఇష్టపడి ఆడాడు. ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’ (నాన్ గెజిటెడ్ ఆఫీసరు, అంటే చిన్న ప్రభుత్వోద్యోగి) ఇంకొకటి: నెలాఖరున గుమస్తా ఇల్లు, ఆ ఇంటి అప్పులు. లండన్‌లో ఇంటి అద్దె కట్టి, వీసా రుసుము కట్టి, ఊరికి డబ్బు పంపేవాళ్ళకు ఆ గుమస్తాను ఎవరూ పరిచయం చేయనక్కరలేదు.

పాతది ఒక వారం వేస్తే, రెండో వారం కొత్తది ఉండి తీరాలి. ఇక్కడి మన బతుకు మీద ఎవరూ తెలుగులో నాటకం రాయడం లేదని మీరు అంటే ఒప్పుకుంటాను. ఆడే చోటు లేనివాడు ఎందుకు రాస్తాడు? భర్త వీసా మీద వచ్చి పగలంతా లండన్ పక్కనున్న స్లౌలోని అపార్ట్‌మెంటు కిటికీ దగ్గర కూర్చునే డిగ్రీ చదివిన పిల్ల ఉంది. కేర్ హోమ్‌లో పరాయి ముసలివాళ్ళకు స్నానం చేయించి, అర్ధరాత్రి వీడియోలో తన తల్లి మందులు వేసుకుందో లేదో చూసుకునే కుర్రవాడు ఉన్నాడు. మనవణ్ణి పెంచడానికి వచ్చి, వాడి ఇంగ్లీషు అర్థంకాక నవ్వి ఊరుకునే అమ్మమ్మ ఉంది. ఈ ముగ్గురికీ ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. పరిషత్తు నాటిక నిడివి గంటకు అటూ ఇటూగా ఉంటుంది. పబ్ శాలల్లో విరామం లేకుండా సాగే నాటకాల నిడివీ అంతే. కొలత ముందే కుదిరింది.

కొన్ని విషయాలు ఇప్పుడే చెప్పకపోతే తర్వాత గొడవలవుతాయి. ముఖ్య అతిథి ఉండకూడదు. కూర్చోబెట్టడానికి వేదిక లేదు, వేదికే నాటకం. శాలువాలు వద్దు. జ్యోతి ప్రజ్వలన చేస్తామంటే, కర్ర మెట్లున్న పాత భవనంలో మంట వెలిగించడానికి ముందస్తు అనుమతి కావాలి, చాలావరకు ఇవ్వరు. అన్నిటికన్నా ముఖ్యం, ఏడున్నర అంటే ఏడున్నరే. ఆ గదిలోకి తలుపు నటులు ఆడే చోటికే తెరుచుకుంటుంది; ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి పంపితే వారు కూడా పాత్రధారులైపోతారు. అందుకే పంపరు. మన సమయపాలన సంగతి నాకు తెలుసు గనక టికెట్ల మీద ఏడు గంటలని అచ్చు వేయిద్దామని నా సలహా.

సెట్టు విషయం కూడా ముందే ఆలోచించుకోవాలి. ఆదివారం ముందు నాటకం వాళ్ళు తమ సామాను దించుతారు. సోమవారం మనం ఎక్కించి, లైట్లు బిగించి, మంగళవారం మధ్యాహ్నానికి సాంకేతిక రిహార్సల్ ముగించి, రాత్రికి ఆడాలి. నిరుటి పండగకి చేయించిన ప్లైవుడ్ ఫ్లాట్లు పనికిరావు. చాపలు, మడత మంచం, ఒక ట్రంకు పెట్టె, స్టీలు గ్లాసులు, ఇవి చాలు. ప్రేక్షకుడు గ్లాసు అడుగున చెక్కిన పేరు కూడా చదవగలిగేంత దగ్గరలో ఉంటాడు కాబట్టి, గ్లాసు మాత్రం నిజంగా ఎవరి ఇంట్లోనో ఇరవై ఏళ్ళు వాడినదై ఉండాలి.

ప్రతిపాదనతో పాటు నాటకం గురించి ఒక పేజీ, బృందం గురించి ఒక పేజీ, ఖర్చుల అంచనా, ప్రేక్షకులను ఎలా రప్పిస్తామన్న వివరం జతచేయాలి. మొదటి రెండూ నేను ఇంగ్లీషులో రాసి ఉంచాను. మిగతా రెండూ మీ చేతిలో ఉన్నవి. సభ్యుల జాబితాలు మీ దగ్గరే ఉన్నాయి, ఖాతాలూ మీ దగ్గరే ఉన్నాయి. మీ వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ విషయాన్ని ఒక అంశంగా చేర్చి, అరగంట నాకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నాటకం వేయడానికి ఇప్పటికి ఏడుగురం ఒప్పుకున్నాం. ఆ నర్సు కూడా ఉంది, ఈసారి పగటి డ్యూటీ అడిగి పెట్టుకుంటానంది. ఫోనులో మాట అందించడానికి కుదరదు కాబట్టి, డైలాగులు పూర్తిగా కంఠతా వస్తేనే ఆడమని నాన్నగారు కబురు పంపారు. మడత మంచం మా ఇంట్లోనే ఉంది. మెట్ల దారి వెడల్పు 74 సెంటీమీటర్లు, టేపు పెట్టి కొలిచాను, పడుతుంది.

ఇట్లు,
తూర్పు లండన్‌లో ఉంటున్న ఒక నాటకాభిమాని